చిన్న గాజుతొట్టిలో పగడాలు: ముందుగా గట్టి రకాన్ని ఎంచుకోండి

పగడం అనగానే మనకు ఉంగరంలో పొదిగిన ఎర్రని పూస గుర్తుకు వస్తుంది. యోబు గ్రంథంలో వెలగల వస్తువుల వరుసలో పగడాల పేరు కూడా ఉంది. అయితే పగడం రాయి కాదు, మొక్క అంతకన్నా కాదు. అది సముద్రంలో బ్రతికే చిన్న చిన్న జంతువుల గుంపు. ఒక్కొక్క జీవి మెత్తని సంచిలా ఉంటుంది. పైన నోరు, నోటి చుట్టూ సన్నని మీసాలు ఉంటాయి. దిబ్బలు కట్టే పగడాలలో చాలావాటి ఒంటిలో కంటికి కనిపించని నాచు నివసిస్తుంది. నాచు వెలుతురులో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది, పగడం నాచుకు చోటిస్తుంది. ఒకదానికొకటి ఆధారం.

ఇట్టి పగడాలను ఇంట్లో గాజుతొట్టిలో పెంచడం అమెరికా, యూరప్ దేశాలలో చాలామందికి ఇష్టమైన వ్యాపకం. ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఇంగ్ అనే ఆయన సముద్రపు నీరు, జీవంతో ఉన్న సముద్రపు రాళ్ళు, గాలి బుడగలు, ఈ మూడింటితోనే తొట్టిలో పగడాలను బ్రతికించి, ఆ పద్ధతిని 1961లో లోకానికి తెలియజేశారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళివచ్చిన మన పెద్దలు కొందరు ఇట్టి తొట్లను చూసే ఉంటారు. అక్కడ స్థిరపడిన మన కుటుంబాలలోనూ పిల్లలు అడిగారని వీటిని కొనేవారున్నారు. రంగు చూసి కొన్న పగడం నెల తిరగకుండానే తెల్లబడి చచ్చిపోతే డబ్బు పోవడమే కాదు, ఒక ప్రాణి కూడా పోతుంది. కాబట్టి ఎంపిక దగ్గరే జాగ్రత్తపడాలి.

చిన్న నీటిలో పెద్ద చిక్కు

తొట్టి చిన్నదైతే పని తక్కువ అనుకుంటారు. నిజానికి నీరు ఎంత తక్కువైతే తప్పు అంత త్వరగా బయటపడుతుంది. 75 లీటర్ల తొట్టిలో రోజుకు ఒక లీటరు ఆవిరైందనుకోండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉండవలసిన నీరు, కలిపేవారు లేకపోతే వారం రోజుల్లో 38 గ్రాములు దాటుతుంది. అందుచేత ఆవిరైనంత మేరకు ప్రతిరోజూ ఆర్‌.ఓ. మంచినీరు కలపాలి, ఉప్పునీరు కలపకూడదు.

నీటి వేడి 24 నుండి 27 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. రాతి పగడాలు ఉంటే లీటరు నీటిలో 400 నుండి 450 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, దానికి తగిన ఆల్కలినిటీ కూడా కావాలి. రొయ్యల చెరువు చేసిన రైతులకు ఈ మాటలు కొత్తవి కావు. వారు చెరువులో చూసే ఉప్పు, ఆల్కలినిటీ, అమ్మోనియాలనే వీరు తొట్టిలో చూసుకుంటారు. కొత్త తొట్టిలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేవరకు ఆగాలి. సాధారణంగా అందుకు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు పగడం జోలికి పోకూడదు.

తట్టుకునే రకాలు

మొదటిది పుట్టగొడుగు పగడం. డిస్కోసోమా అనే జాతి ఇందులో ముఖ్యమైనది. దీనికి రాతి ఎముక ఉండదు. తక్కువ వెలుతురు, నెమ్మదైన నీటి కదలిక చాలు. నీటిలో కొద్దిపాటి తేడా వచ్చినా ఓర్చుకుంటుంది. చీడలూ తక్కువే. చేయి తిరగని వారికి ఇంతకంటే మంచిది లేదు.

రెండవది తోలు పగడం. సార్కోఫైటన్ గొడుగులా, సైనులేరియా చేతివేళ్ళలా పెరుగుతాయి. ఇవి అప్పుడప్పుడు కొన్ని రోజులు ముడుచుకొని, పైన మైనంలాంటి పొర కట్టి, పాము కుబుసం విడిచినట్టు దాన్ని విడుస్తాయి. అది జబ్బు కాదు, కంగారుపడి చోటు మార్చవద్దు. అయితే ఇవి తమ చుట్టూ నీటిలోకి ఘాటైన రసాయనాలను వదులుతాయి. పక్కనున్న రాతి పగడాలకు అవి పడవు. అందుకే నీటిని వడకట్టే చోట బొగ్గు ఉంచుతారు.

మూడవది ఆకుపచ్చ నక్షత్రాల పగడం. ఊదారంగు చాపమీద పచ్చని నక్షత్రాలు పరచినట్టు ఉంటుంది. ఎంతకూ చావదు, పైగా గరికలా పాకుతుంది. మిగతా రాళ్ళకు తగలకుండా దీన్ని విడిగా ఒక రాయిమీద ఉంచడమే తెలివి.

రాతి ఎముక కలవాటిలో ఒకటి రెండు కావాలనుకుంటే, ఆస్ట్రేలియా నుండి వచ్చే డంకన్ పగడం, బాకా ఆకారంలో ఉండే కాలస్ట్రియా మేలైనవి. సన్నని రొయ్య ముక్క అందిస్తే మీసాలతో పట్టుకొని తింటాయి. పిల్లలకు పగడం జంతువని చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం ఉండదు.

కొమ్మలుగా పెరిగే అక్రోపోరా ఎంత అందంగా ఉన్నా మొదటి సంవత్సరం వద్దు. దానికి తీవ్రమైన వెలుతురు, నిలకడైన నీరు కావాలి. దాన్నే తినే చదునుపురుగు ఒకటి, ఎర్రని సూక్ష్మకీటకం ఒకటి ఉన్నాయి. మాంటిపోరాను తినే తెల్లని సముద్రపు నత్త వేరే ఉంది. దానికి గుల్ల ఉండదు, కనుక కంటికి ఆనదు. పూలగుత్తిలా కనిపించే గోనియోపోరా, ప్రతి నోటికీ విడిగా తిండి పెట్టవలసిన సూర్య పగడం కూడా అనుభవం వచ్చాకే.

చీడ ఎక్కడి నుండి వస్తుంది?

ఏ చీడా సోకని పగడమంటూ లేదు. తక్కువ చీడలు సోకేవి మాత్రం ఉన్నాయి. మూసి ఉన్న తొట్టిలో చీడ తనంతట తాను పుట్టదు. కొత్త పగడంతోనో, అది అతుక్కున్న రాయితోనో మనమే తెచ్చుకుంటాం. పురుగున్న నారు తెచ్చి నాటితే మడి అంతా పాకినట్టే ఇదీను.

అన్నిటికంటే మొండిది ఐప్టేసియా. గోధుమరంగులో, చిన్న తాటిచెట్టులా కనిపించే ఈ జీవి పక్కనున్న పగడాన్ని కుడుతుంది. గిల్లి పారేద్దామంటే తెగిన ముక్కలోంచి మళ్ళీ పుడుతుంది. పెప్పర్‌మింట్ రొయ్య అనే చిన్న రొయ్య దీన్ని తింటుంది. అయినా రాకముందు చూసుకోవడమే సులువు.

కొనేటప్పుడు పగడాన్ని తిప్పి అడుగుభాగం చూడండి. చుట్ట తిరిగిన తెల్లని గుడ్లు, కొరికిన మచ్చలు, ఊడిపోతున్న కండ కనిపిస్తే చవకగా ఇచ్చినా వద్దు. సముద్రం నుండి నేరుగా తీసినదానికంటే తొట్టిలోనే పెరిగిన పగడం నుండి తుంచిన పిలక మేలు. మందార కొమ్మ నాటినట్టు దాన్ని నాటుకోవచ్చు. అది తొట్టి నీటికి అలవాటుపడి ఉంటుంది, సముద్రానికీ నష్టం ఉండదు.

ఇంటికి తెచ్చాక వీలైతే పాత దిమ్మను తీసివేయండి. వేరే గిన్నెలో తొట్టి నీరు పోసి, పగడాలకోసం అమ్మే మందును సీసామీద చెప్పిన కొలత ప్రకారం కలిపి ముంచండి. తరువాత మంచి ఉప్పునీటిలో కడగండి. మందుకు పురుగు చచ్చినా గుడ్డు చావదు. అందుచేత నాలుగు నుండి ఆరు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి, గుడ్లు పొదిగే కొద్దీ మళ్ళీ మళ్ళీ ముంచాలి. ఓపిక లేనివారు ఈ దశలోనే తొందరపడతారు.

పిల్లలున్న ఇంట్లో

జోవాంతిడ్లు అనే బొత్తాల వంటి పగడాలు గట్టివే, రంగులూ అద్భుతమే. అందుకే దుకాణదారులు వాటినే ముందు చూపిస్తారు. కాని వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. 2012 నుండి 2014 మధ్య అమెరికాలోని అలాస్కాలో ఇట్టి పగడాలున్న ఇళ్ళలో, దుకాణంలో మనుషులు జబ్బుపడ్డారు, ఈ విషం గాలిలో కలిసి ఊపిరితో లోపలికి పోయిందని అనుమానించారు. అట్టి రాయిని వేడినీటితో కడగరాదు, ఉడకబెట్టరాదు, బ్రష్‌తో రుద్దరాదు. చేతికి తొడుగు, కళ్ళకు అద్దాలు లేకుండా ముట్టరాదు. చిన్నపిల్లలున్న ఇంటికి ఇవి అసలు తేకపోవడమే క్షేమం. ఏ పగడాన్ని ముట్టినా చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మన దేశంలో సంగతి

గోదావరి, కృష్ణా నదుల మంచినీరు, ఒండ్రు కలిసే మన తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. మన దేశంలో అవి మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి పగడాలను, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను 2001లో మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. వాటిని సముద్రం నుండి తీయడం, అమ్మడం, కొనడం నేరం. తీరప్రాంతాలకు వెళ్ళినప్పుడు ఎవరైనా రహస్యంగా అమ్మజూపితే తీసుకోవద్దు. మన ఊళ్ళలో పిల్లల ముచ్చట తీర్చడానికి మంచినీటి చేపల తొట్టి చాలు.

విదేశాలలో ఉన్న మీ పిల్లలు ఇట్టి తొట్టి పెట్టాలనుకుంటే ఈ మాట చెప్పండి: మొదటి ఏడాది ఒక పుట్టగొడుగు పగడం, ఒక తోలు పగడం, ఒక డంకన్, అంతే. వారానికి పదోవంతు నీరు మార్చుతూ, ఆవిరైన నీరు రోజూ నింపుతూ, ఆ మూడింటినీ ఏడాదిపాటు బ్రతికించగలిగితే నాలుగోదాని గురించి అప్పుడు ఆలోచించవచ్చు.