రిమ్‌ఫైర్ రైఫిళ్ళలో డ్రై ఫైరింగ్

తూటా లేని తుపాకీని గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడాన్ని డ్రై ఫైరింగ్ అంటారు. గురి నిలకడ, శ్వాస నియంత్రణ, ట్రిగ్గర్‌పై వేలి ఒత్తిడి అలవరచుకోవడానికి షూటింగ్ క్రీడాకారులు విరివిగా చేసే సాధన ఇది. దీనికి తూటాల ఖర్చు ఉండదు. అయితే ఈ సాధన వలన రిమ్‌ఫైర్ రైఫిళ్ళు పాడవుతాయనే అభిప్రాయం బహుళ ప్రచారంలో ఉన్నది. కొన్ని రైఫిళ్ళ విషయంలో ఇది నిజమే గాని, అన్నింటికీ వర్తించదు.

నిర్మాణం

సెంటర్‌ఫైర్ తూటాలో దెబ్బ తగిలితే మండే రసాయనం అడుగుభాగం మధ్యలో అమర్చిన ప్రైమరులో ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాకు విడిగా ప్రైమరు లేదు. ఇత్తడి తొడుగు అడుగున చుట్టూ ఉబికి ఉండే బోలు అంచులోనే ఆ రసాయనాన్ని నింపుతారు. ఫైరింగ్ పిన్ ఈ అంచును ఛాంబర్ వెనుక అంచుకు అదిమి నలగగొట్టినపుడు రసాయనం అంటుకుంటుంది. ఈ రకం తూటాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1887లో అమెరికాలో రూపొందిన .22 లాంగ్ రైఫిల్. ఒలింపిక్ క్రీడలలో 50 మీటర్ల రైఫిల్ పోటీలకు వాడేది ఇదే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే భారతదేశానికి కాంస్య పతకం తెచ్చినది ఈ విభాగంలోనే.

నష్టం జరిగే తీరు

సెంటర్‌ఫైర్ తుపాకీలో తూటా లేనపుడు పిన్ మొన ఛాంబర్ మధ్యనున్న ఖాళీ స్థలంలోకి వస్తుంది. దానికి ఎదురుగా లోహం ఉండదు. రిమ్‌ఫైర్‌లో పిన్ పక్కకు ఉంటుంది గనుక దానికి సరిగ్గా ఎదురుగా బ్యారెల్ ఉక్కు ఉంటుంది. తూటా ఉన్నపుడు మెత్తని ఇత్తడి అంచు దెబ్బను తనమీద వేసుకుంటుంది. అది లేనపుడు, పిన్ అంత ముందుకు రాగలిగితే, ఉక్కు ఉక్కును కొడుతుంది. ఒక్క దెబ్బతో ఏమీ కాకపోవచ్చు. అదే చోట వందలసార్లు తగిలితే ఛాంబర్ అంచున గుంట పడి, అక్కడి లోహం ఛాంబర్ లోపలికి పొడుచుకు వస్తుంది. అప్పుడు తూటా సాఫీగా దూరదు, కాల్చిన తొడుగు బయటికి రాక ఇరుక్కుంటుంది. గుంట ఉన్నచోట తూటా అంచుకు వెనుదన్ను లేక కొన్ని తూటాలు పేలవు కూడా. పిన్ మొన మొద్దుబారడం మరొక నష్టం. పిన్‌ను మార్చడం తేలికే. బ్యారెల్ సంగతి అలా కాదు. లోపలికి వచ్చిన లోహాన్ని గట్టి ఉక్కు పనిముట్టుతో తిరిగి వెనక్కి నొక్కి సరిచేసే పద్ధతి ఉన్నప్పటికీ, అది నిపుణుడైన తుపాకుల మరమ్మతుదారు చేయవలసిన పని.

ఆధునిక రైఫిళ్ళు

పిన్ ఛాంబర్ అంచును తాకక ముందే ఆగిపోయేటట్లు అనేక ఆధునిక రైఫిళ్ళను తయారు చేస్తున్నారు. 1964లో విడుదలైన రుగర్ 10/22 రైఫిల్ బోల్టులో పిన్ కదలికను పరిమితం చేసే అడ్డుపిన్ను ఉంటుంది. ఈ రైఫిల్‌ను డ్రై ఫైర్ చేయవచ్చునని తయారీదారు సూచనల పుస్తకంలోనే ఉన్నది. పాత రైఫిళ్ళలోను, చవక రకాలలోను ఇటువంటి ఏర్పాటు ఉన్నదని అనుకోరాదు. సూచనల పుస్తకం దొరకనపుడు చేయకుండుటే మేలు. టార్చిలైటు వెలుగులో ఛాంబర్ వెనుక అంచును పరిశీలించి, పిన్ తగిలే చోట గుంట ఉంటే ఆ రైఫిల్ ఇదివరకే దెబ్బతిన్నదని గ్రహించవచ్చు.

ప్రత్యామ్నాయాలు

దెబ్బను తట్టుకునే నకిలీ తూటాలను స్నాప్ క్యాప్‌లు అంటారు. రిమ్‌ఫైర్ కొలతలో ఇవి త్వరగా అరిగిపోతాయి. కాల్చిన ఖాళీ తొడుగును కూడా వాడవచ్చు గాని, ఒకసారి నలిగిన చోట మళ్ళీ దెబ్బ పడితే రక్షణ ఉండదు గనుక ప్రతిసారీ దానిని కొద్దిగా తిప్పాలి. గోడలలో మర బిగించడానికి వాడే చిన్న ప్లాస్టిక్ ప్లగ్గులను కొందరు ఇందుకు ఉపయోగిస్తారు. సాధనకు ముందు ఛాంబర్‌ను, మ్యాగజైన్‌ను కంటితోనూ వేలితోనూ పరీక్షించి, అసలు తూటాలను ఆ గదిలో లేకుండా చేయడం తప్పనిసరి. స్ప్రింగు, పిస్టన్‌లతో పనిచేసే ఎయిర్ రైఫిళ్ళకు ఈ వివరణ వర్తించదు. వాటిలో పెల్లెట్ లేకుండా కాల్చితే గాలి అడ్డు తగ్గి పిస్టన్ నేరుగా సిలిండర్ చివరను గుద్దుకుంటుంది.