కార్యాలయపు టెలిఫోను పెట్టె - లైనుల అమరిక

ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో, సహకార సంఘమునకో, మార్కెట్ యార్డుకో టెలిఫోను చేసినప్పుడు గంట మ్రోగుచునే యుండి, ఎవరును పలుకకపోవుట పలువురికి అనుభవమే. కార్యాలయములో మనుష్యులు లేరని పిలిచినవారు తలతురు. కాని పలుమారులు లోపము మనుష్యులలో ఉండదు, గోడకు తగిలించిన చిన్న పెట్టెలో ఉండును. బయటి నుండి వచ్చిన పిలుపు ఏ బల్లపై మ్రోగవలెనో ఆ పెట్టెకు సరిగా చెప్పియుండరు.

ఈ పెట్టెను ఇ.పి.ఎ.బి.ఎక్స్. అందురు. వాడుకలో దీనిని ఇంటర్‌కామ్ అనుటయు కలదు. నిజమునకు ఇది కార్యాలయము లోపల ఇమిడిన ఒక చిన్న ఎక్స్చేంజి. మన దేశమున 1984 లో స్థాపితమైన సి-డాట్ సంస్థ 128 ద్వారములు గల గ్రామీణ ఎక్స్చేంజిని రూపొందించి, 1986 లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొల్పినది. ఎండను, దుమ్మును ఓర్చుకొని, శీతలీకరణ యంత్రము లేకుండగనే అది పనిచేసినది. ఊరికంతటికిని అది చేసిన పనినే, ఒక కార్యాలయమునకు ఈ పెట్టె చేయును.

ముందుగా కాగితము, తరువాత మీట

చిన్న కార్యాలయములకు మూడు బయటి లైనులకును, ఎనిమిది లోపలి టెలిఫోనులకును చాలు పెట్టె సాధారణముగా సరిపోవును. దానికి ఆజ్ఞలు ఇచ్చుటనే ప్రోగ్రాము చేయుట అందురు. పెక్కు పెట్టెలలో ఇందుకై ఒక నియమిత టెలిఫోను ఉండును. దానిపై రహస్య సంఖ్యను నొక్కి, పిమ్మట అమరిక సంఖ్యను, లైను సంఖ్యను, కోరిన విలువను వరుసగా నొక్కవలెను. అమరిక సంఖ్యలు తయారీదారును బట్టి మారును గావున, పెట్టెతో వచ్చిన పుస్తకమును భద్రపరచుకొనవలెను.

మీట నొక్కుటకు ముందు ఒక పట్టిక వ్రాసికొనుట మంచిది. ఏ ద్వారమునకు ఏ బయటి లైను తగిలించితిమి, ఏ బల్లకు ఏ సంఖ్య ఇచ్చితిమి, ఎవరికి ఎంతవరకు అనుమతి కలదు అను మూడు విషయములును అందులో ఉండవలెను.

లైను ఉన్నదా, లేదా?

మూడు ద్వారములున్నను కార్యాలయమునకు ఒకే లైను ఉండవచ్చును. తక్కిన రెండును ఖాళీ అని పెట్టెకు తెలుపనిచో, అది వానిని కూడ పనిచేయు లైనులుగనే తలచి, బయటికి పిలువబోవు వారికి ఇచ్చును. రిసీవరులో ఏ ధ్వనియు వినిపించదు. మరల ప్రయత్నించినచో బాగుగనే పలుకును. ఇట్లు ఒకమారు పలుకుచు, ఒకమారు మూగబోవు టెలిఫోనులను చూచి, తీగ తెగినదని ఫిర్యాదు చేయుదురు. ఖాళీ ద్వారములను "తగిలించలేదు" అని అమర్చినంతనే ఈ చిక్కు తీరును.

తరువాతిది అంకెలను పంపు విధానము. పాత పల్స్ పద్ధతిలో 5 అను అంకెకు లైను ఐదుమారులు తెగి కలియును. టోన్ పద్ధతిలో ప్రతి అంకెకు రెండు స్వరములు ఒకేసారి వెడలును. నేటి లైనులకు టోన్ అమరికయే తగినది.

వచ్చు పిలుపులు

పగటివేళ పిలుపు మొదట గుమాస్తా బల్లపై మ్రోగవలెను. అతడు కొంతసేపు పలుకనిచో వేరొక బల్లకు పోవునట్లు అమర్చవచ్చును. రాత్రివేళకు ప్రత్యేకముగా మరియొక అమరిక కలదు. ఆరోగ్య కేంద్రములో రాత్రి పిలుపు తాళము వేసిన కార్యాలయపు గదిలో మ్రోగిన ఏమి లాభము? కాన్పుల గదిలో నర్సు బల్లపై మ్రోగవలెను. పెట్టెలోని గడియారము తప్పైనచో పగలు రాత్రియు, రాత్రి పగలును అగును గావున దానిని కూడ సరిచూడవలెను.

పోవు పిలుపులు

బయటి లైను కొరకు ముందు 0 గాని 9 గాని నొక్కుట వాడుక. దూరపు పిలుపుల ఖర్చు భారముగా ఉన్న కాలమున, సున్నతో మొదలగు సంఖ్యలను పెక్కు బల్లలకు నిషేధించెడివారు. ఆ నిషేధము నేడు కీడు చేయుచున్నది. 2021 జనవరి 15 నుండి స్థిర టెలిఫోనుతో మొబైలును పిలుచువారు సంఖ్యకు ముందు సున్న చేర్చవలెనను నియమము అమలులోనికి వచ్చినది. కావున పాత నిషేధమున్న బల్ల నుండి ఒక్క మొబైలుకైనను పిలుపు పోదు. లైను కొరకు నొక్కు సున్న వేరు, మొబైలుకు చేర్చు సున్న వేరు. మొదటిదానిని పెట్టె గ్రహించును, రెండవది ఎక్స్చేంజికి చేరును.

మొబైలు సంఖ్యలు 6, 7, 8, 9 అంకెలతో మొదలగును. విజయవాడ కోడు 0866 లో కూడ సున్న తరువాత ఎనిమిదియే కలదు. కావున తొలి అంకెలను చూచి మొబైలును, దూరపు ఊరిని వేరుచేయుట కష్టము. మీ పథకములో దేశమంతటికి పిలుపులు కలిసియున్నచో, 00 తో మొదలగు విదేశపు పిలుపులను మాత్రము నిషేధించుట ఉత్తమము.

ఆపదవేళ

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. కొన్ని పెట్టెలలో లోపలి బల్లలకు 101 మొదలుకొని సంఖ్యలు ముందే అమర్చబడియుండును. అట్లయిన ఎనిమిదవ బల్ల సంఖ్య 108 అగును. ఆపదలో ఎవరైన 108 నొక్కినచో అంబులెన్సు వారికి బదులు ప్రక్కగదిలో గంట మ్రోగును! 101 అగ్నిమాపక దళమునకు చెందిన సంఖ్య. కావున లోపలి సంఖ్యలను 201 నుండి గాని 301 నుండి గాని మార్చుకొనవలెను. 108, 112 సంఖ్యలకు ఏ బల్ల నుండియు నిషేధము ఉండరాదు. ముందు 0 నొక్కవలసి యున్నచో "0-108" అని పెద్ద అక్షరములతో వ్రాసి ప్రతి టెలిఫోనుకు అతికించవలెను.

ఇది చిన్న విషయము కాదు. 2013 లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఒక వసతిగృహములో తల్లిపై దాడి జరుగుచుండగా, తొమ్మిదేండ్ల బాలిక 911 కు పదేపదే ప్రయత్నించినది. ముందు 9 నొక్కవలెనని ఆ పసిదానికి తెలియదు. పిలుపు పోలేదు, తల్లి మరణించినది. ముందంకె లేకుండగనే ఆపద సంఖ్య పలుకవలెనని 2018 లో ఆ దేశము చట్టము చేసినది.

విద్యుత్తు పోయినప్పుడు మొదటి లైనును ఒక నియమిత టెలిఫోనుకు సూటిగా కలుపు ఏర్పాటు కొన్ని పెట్టెలలో కలదు. ఆ టెలిఫోను ఏదో అందరికిని తెలియవలెను. ఫైబరు ద్వారా లైను వచ్చుచున్నచో పెట్టెకే గాక మోడెంకు కూడ బ్యాటరీ ఆధారముండవలెను.

కడపటి జాగ్రత్తలు

తయారీదారు ఇచ్చిన రహస్య సంఖ్య పుస్తకములోనే అచ్చయియుండును. దానిని మార్చనిచో, తెలిసినవారెవరైనను అమరికలు తారుమారు చేయగలరు. బయటి నుండి పిలిచి మరల బయటికి పిలుచుకొను సౌకర్యము అవసరము లేనిచో మూసివేయవలెను. మోసగాండ్రు దాని ద్వారా మాటలాడిన బిల్లు కార్యాలయముపై పడును.

అమరిక ముగిసిన పిమ్మట ప్రతి బల్ల నుండి ఒక మొబైలుకు పిలిచి చూడవలెను. పగలొకమారు, రాత్రి అమరికలో ఒకమారు బయటి నుండి పిలిపించి వినవలెను. విద్యుత్తు తీసివేసి మరొకమారు పరీక్షించవలెను. పట్టిక ప్రతిని పెట్టె ప్రక్కనే తగిలించవలెను. ఒక పూట శ్రమతో జరుగు ఈ పని వలన, అర్ధరాత్రి సాయము కోరి పిలిచిన వారికి బదులు దొరకును.