సముద్ర తపాలా వ్యయము: ఆస్ట్రేలియా వలసరాజ్యముల వివాదము

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునుండి ఆస్ట్రేలియా వలసరాజ్యములకు ఉత్తరములు చేర్చు పొగయోడలకు ప్రభుత్వములు ఏటేట ధనసహాయము చేయవలసివచ్చెను. ఆ భారమును లేఖల సంఖ్యనుబట్టి పంచుకొనుట న్యాయముగనే తోచును. కాని ఓడ ఏ రేవున యాత్ర ముగించునో ఆ రేవునకు లాభ మధికము. అచటి వర్తకుడు లండను ధరవరలను ముందుగ నెరిగి, ఓడ మరలులోపల ప్రత్యుత్తరము వ్రాయగలడు. అందుచే 1867లో మెల్బోర్నున జరిగిన తపాలా సమావేశమున సూయజు, పనామా, టారెస్ జలసంధి మార్గములు మూడును చర్చకు వచ్చినవి. తరువాత విక్టోరియా సూయజు మార్గమునే నమ్మెను. 1875 ప్రాంతమున న్యూసౌత్‌వేల్సు శాన్‌ఫ్రాన్సిస్కో మార్గమును, 1881లో క్వీన్సులాండు టారెస్ మార్గమును చేపట్టినవి. 1901లో తపాలాశాఖ సమాఖ్యాధీనమగుటతో అచటి పంపకపు తగవు తీరినది. కావున దీనిని ధనవివాదముగనే గాక, కాలమునకై జరిగిన పోటీగ గూడ పరిశీలింపవలెను.