బోబా గోలీల అసలు పేరు కర్రపెండలం

మనకాడ చాయ్ హోటల్ అంటే చాయ్, బిస్కెట్, సమోసా. బువ్వ యాళ్లకు ఎవ్వలూ ఆడికి పోరు. తైవాన్‌ల గట్ల కాదు. ఆడ చాయ్ దుకాణంల కూసొని పగటి బువ్వ తినుడు మామూలు ముచ్చట. ఆఫీసోళ్లు, ముసలోళ్లు, కాలేజీ పోరగాళ్లు అందరు వస్తరు. గిన్నెడు నూడుల్స్, సోయా పన్నీరు ముక్కల కూర తింటరు. ముల్లంగి తురుము బియ్యప్పిండిల కలిపి, ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి పెనం మీద కాలుస్తరు. మన సర్వపిండికి దూరపు చుట్టం అనుకోరి. పక్కన పెద్ద గ్లాసుల చల్లటి పాల చాయ్, దాని అడుగున నల్లటి గోలీలు. చక్కెర ఎంత, ఐసు ఎంత అని ముందే అడిగి పోస్తరు.

గా గ్లాసునే ఇయ్యాల హైదరాబాద్ మాల్స్‌ల బబుల్ టీ, బోబా అని రెండు మూడు వందలకు అమ్ముతున్రు. రీల్స్‌ల మీరందరు చూసే ఉంటరు. ఏదో పెద్దోళ్ల సరుకు అనుకునేరు. అడుగున ఉన్న గోలీ ఏందో తెలిస్తే మీరే నవ్వుతరు.

ముందుగాల చాయ్ సంగతి. 1860ల సంది తైవాన్ చాయ్‌పత్తా బయటి దేశాలకు పోతుండె. జపానోళ్లు ఏలిన కాలంల, 1920లల్ల, మన అస్సాం రకం చాయ్ మొక్కలను గూడ ఆడ నాటిన్రు. తర్వాత కూలీ రేట్లు పెరిగినయ్, బయటి గిరాకీ పడిపోయింది. మరి పత్తా ఏం చెయ్యాలె? సొంత జనానికే కొత్త తీరుగ తాపిచ్చిన్రు. 1983ల తైచుంగ్ పట్నంల మొదలైన చున్ షుయ్ తాంగ్ గసొంటి దుకాణమే. వేడి చాయ్‌ని ఐసేసి గిలకొట్టి, నురగ తేలంగ ఇచ్చిన్రు. బబుల్ అంటే మొదట్ల గా నురగే, గోలీలు కాదు.

గోలీలు 1980ల ఆఖర్ల వచ్చినయ్. మేమే ముందు ఏసినమని తైచుంగ్‌ల చున్ షుయ్ తాంగ్, కాదు మేమని తైనాన్‌ల హాన్‌లిన్ దుకాణం ఏండ్లకేండ్లు కోర్టుల కొట్లాడినయ్. ఇది ఎవ్వలైన చేసుకునే పానకం, ఎవ్వలు కనిపెట్టిన్రో తేల్చే పనే లేదని 2019ల కోర్టు చెప్పింది. దీని మీద ఎవ్వలికీ పేటెంట్ లేదు. అందుకే గల్లీ గల్లీకి పాకింది.

ఇగ గోలీ ముచ్చట. అది కర్రపెండలం పిండి. మనం పండుగకు పాయసం చేసే సగ్గుబియ్యం గూడ అదే పిండి. బెల్లం చక్కెర కలిపితే నలుపొస్తది, అంతే తేడా. తూర్పు గోదావరి మెట్టల రైతులు ఈ గడ్డ పండిస్తరు. సామర్లకోట, పెద్దాపురం మిల్లులల్ల సగ్గుబియ్యం తయారైతది. తమిళనాడు సేలంల అయితే ఇదే పెద్ద దందా.

గడ్డ పండియ్యాలంటే రైతు ఎనిమిది, పది నెలలు కాస్తడు. తవ్వినంక రెండు మూడు దినాలల్ల గడ్డ కరాబైతది. దాసుకునుడు కాదు. అందుకే మిల్లోడు చెప్పిందే రేటు. అదే గడ్డ పిండి అయినంక నెలలకొద్ది నిలువుంటది. గిప్పుడు దాసుకొని, రేటు చూసి అమ్మే బలం ఎవ్వలకొచ్చింది? మిల్లోడికి. తైవాన్ దుకాణాలకు గూడ పిండి ఎక్కువ థాయిలాండ్ నుంచి పోతది. ఆడి రైతు గూడ గడ్డనే అమ్ముతడు.

సేలం మిల్లోళ్లు దళారుల బాధ పడలేక 1981ల సాగోసర్వ్ అనే సహకార సంఘం పెట్టుకున్నరు. సరుకు గోదాంల పెట్టి, వేలంల అమ్ముకుంటరు. తప్పేం లేదు, మంచి పనే. కని మిల్లోళ్లు కలిసినప్పుడు గడ్డ తవ్వేటోళ్లు ఎందుకు కలవొద్దు? పది ఊర్లకు ఒక్క పిండి మిషన్, దాని మీద రైతుల పేరు ఉంటే, తవ్విన నాడే అమ్ముకునే గతి తప్పుతది. ప్రభుత్వాన్ని అడగాల్సింది గిదే. రాయితీ విత్తనం ఒక్కటే కాదు, మిషన్, గోదాం, పెట్టుబడి.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, బోబా తాగొద్దని నేను అంటలేను. పైసలుంటే తాగుర్రి. ఇంట్ల చేసుకున్నా అయితది: మరిగే బెల్లం నీళ్లల్ల కర్రపెండలం పిండి పిసికి, శనగగింజంత గోలీలు చేసి, మెత్తగయ్యేదాక ఉడకబెట్టుర్రి. చాయ్ వోసుకోర్రి. కని తైవానోళ్లు తమ చాయ్‌ని తమ బల్ల మీదనే పెట్టి, బువ్వతోటి కలిపి అమ్మి గెలిచిన్రు. మనం గడ్డను లారీకెత్తి చేతులు దులుపుకుంటున్నం. తేడా రుచిల లేదు, మిషన్ ఎవ్వలదన్న కాడ ఉన్నది.