చలిజ్వరపు జీవి దాచుకొను సందేశములు



ఏటూరునాగారపు అడవిపల్లెలవారికి చలిజ్వరము క్రొత్తది గాదు. దానిని మోసికొనివచ్చునది దోమయే యను సత్యమునకు ఆధారము మనకు దాపుననే దొరకినది. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు చెంత బేగంపేటలో రోనాల్డ్ రాస్ అను వైద్యుడు, రోగి రక్తము ద్రావిన దోమ కడుపును కోసి, అందు మలేరియా జీవి పెరుగుచుండుటను సూక్ష్మదర్శినితో గాంచెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

అయితే ఒక సందేహము మిగులును. మన నెత్తురు వెచ్చనిది. దోమ కడుపు అంతకంటె చల్లనిది. ఒకే కణము గల యీ అల్పజీవి యింత మార్పునకు తాళి, అచట నెట్లు వంశమును నిలుపుకొనుచున్నది?

కణమునకు మూలగ్రంథము డి.ఎన్.ఏ. అందు అప్పటికి వలసిన భాగమునకు దీసిన నకలే వార్తాహర ఆర్.ఎన్.ఏ. ఆ నకలును జదివి కణము మాంసకృత్తులను నిర్మించును. పని తీరిన నకలును కణమే ఛేదించివేయును. బడిలో పాఠము ముగిసిన పిదప పలకను తుడుచుట వంటిదే యిదియు. తుడువని పలకపై మరల వ్రాసినచో ఏ యక్షరమును దెలియదు గదా!

మలేరియా జీవి మాత్రము కొన్ని పలకలను తుడువక దాచును. మన రక్తములోనున్న దాని స్త్రీబీజకణము, దోమ కడుపులో వలయు మాంసకృత్తుల నకళ్లను ముందుగనే సిద్ధపఱచుకొనును, కాని చదువదు. డోజీ అను మాంసకృత్తు వానిని గాపాడును. దోమ రక్తమును బీల్చి, అందు ఫలదీకరణము జరిగిన పిదప ఆ నకళ్లు చదువబడును. 2006లో శాస్త్రజ్ఞులు ఎలుకలకు సోకు మలేరియా జీవియందు డోజీని తొలగించి చూచిరి. దాచిన నకళ్లలో పెక్కు నశించెను, సంతానము వృద్ధిబొందలేదు. మనుష్యులకు సోకు ఫాల్సిపేరము జాతియందును ఇట్టి నిలువ సందేశములు గలవు.

ఇది మనకేల యందురా? ఈ బీజకణములు జ్వరమును గలిగింపవు. మందులచే జ్వరము తగ్గినను, ఫాల్సిపేరము బీజకణములు కొన్ని వారములు రక్తములో నిలువవచ్చును. అట్టివానిని కుట్టిన దోమ, కొన్ని దినములకు పొరుగువానికి జ్వరము నంటించును. నేను బడిపంతులుగా నుండగా, జ్వరము విడిచిన మఱునాడే మాత్రలను గూటిలో విడిచి బడికి వచ్చిన బాలురను మెచ్చుకొంటిని. అది పొరపాటని పిమ్మట దెలిసికొంటిని.

ఆ బీజకణములను జంపుటకే వైద్యులు ప్రిమాక్విన్ ఇత్తురు. అది గర్భిణులకు ఈయరాదు. కొందఱికి రక్తక్షయము గలిగించును. కావున వైద్యుడు చెప్పినదే, చెప్పినన్ని దినములు వాడవలెను. జ్వరము తగ్గినవాడును దోమతెరలోనే నిద్రింపవలెను.

ఊరిలో మీ మాటకు విలువ గలదు. జ్వరము విడుచుట వేఱు, వ్యాధి తీరుట వేఱని నలుగురికిని జెప్పుడు.