పెరటికోళ్లు - వాటి శత్రువులు

ఇంటి పెరటిలో పది కోళ్లను పెంచుట పెద్ద పెట్టుబడి కోరు పని కాదు. వంటయింటి మిగులు మెతుకులు, చెరిగిన నూకలు, తవుడు, పెంటకుప్పలోని పురుగులు వాటి ఆహారములో చాల భాగమును సమకూర్చును. పిల్లలకు గ్రుడ్లు, గృహిణి చేతికి నాలుగు డబ్బులు, కూరపాదులకు ఎరువు లభించును. అయినను మేమెరిగిన వారిలో పలువురు ఉత్సాహముతో ఆరంభించి, ఏడాది తిరుగకమునుపే విరమించుకొనిరి. కారణమడిగినచో "పిల్లి యెత్తుకొనిపోయినది", "తెగులు తగిలినది" అను రెండు మాటలే వినవచ్చును. ఈ రెండింటిని ముందుగనే నివారించు విధమును ఇచట వివరింపదలచితిమి.

మా అనుభవము నష్టముతోనే మొదలైనది. పాత పలకలతో గూడు కట్టి, ముందువైపున సన్నని తీగెల కోళ్లవల బిగించి, పదకొండు పెట్టలను పెంచితిమి. అవి గ్రుడ్లు పెట్టనారంభించిన నెలలోనే ఒకనాటి ఉదయము వల మూల చినిగియుండెను. లోపల ఏడు కోళ్లు చచ్చి పడియున్నవి. వానిలో ఒక్కదానిని మాత్రమే ఏదో జంతువు కొంత తిన్నది. గూటిలో చేరక ముందునాటి రాత్రి వేపచెట్టెక్కిన నాలుగు పెట్టలు మాత్రము బ్రతికినవి.

ఆకలికి ఒక్కటి చాలును గదా, తక్కినవానిని ఏల చంపినది? బయలులో ఒక పక్షిని పట్టుకొనగానే తక్కినవి ఎగిరిపోవును. మూసిన గూటిలో అవి పారిపోలేక కన్నులయెదుటనే రెక్కలు కొట్టుకొనుచుండును. ఆ కదలికయే వేటజంతువును మరల మరల పురికొల్పును. రక్షణకని మేము కట్టిన గూడే వానికి బోనైనది. బలహీనమైన గూడు అసలు గూడు లేకుండుటకంటె ప్రమాదకరమని ఆనాడు గ్రహించితిమి.

పది కోళ్లకు 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల గూడు చాలును. దానిని నేలనుండి 2 అడుగుల ఎత్తున కాళ్లపై నిలుపవలెను. అట్లయినచో అడుగున పందికొక్కులు కలుగులు త్రవ్వి దాగజాలవు, ఊడ్చుటయు సులభము. కాళ్లకు నున్నని రేకు చుట్టినచో ఎగబ్రాకు జంతువులకు పట్టు చిక్కదు. అంగళ్లలో లభించు సన్నని కోళ్లవల కోడిని లోపల నిలుపునే గాని శత్రువును వెలుపల నిలుపలేదు. అర అంగుళము కన్నులు గల గట్టి వెల్డుమెష్ జాలిని వాడవలెను. నేలపై కట్టు ఆవరణమైనచో జాలి అంచును వెలుపలివైపునకు ఒక అడుగు వంచి మట్టితో కప్పవలెను. త్రవ్వవచ్చిన జంతువు గోడ మొదటనే త్రవ్వును. అచట జాలి అడ్డుపడును. తలుపునకు త్రాడు ముడి చాలదు, గొళ్లెము వేయవలెను. గాలికై పైభాగమున జాలి విడువవలెను. కోళ్లు కూర్చుండు కఱ్ఱను జాలికి దూరముగా అమర్చవలెను. లేనిచో రాత్రివేళ పిల్లి పంజా చాచి అందుకొనును.

నష్టము జరిగినచో దాని ఆనవాళ్లను పరిశీలింపవలెను. పట్టపగలు కోడిపిల్ల జాడ లేకుండ పోయినచో గద్దనో కాకినో అనుమానింపవచ్చును. గ్రుడ్లు పెంకులైనను మిగులక మాయమైనచో పామో ఉడుమో వచ్చినదనుకొనవచ్చును. చచ్చిన పిల్ల తల, మెడ తడిసి, శరీరము తినబడకున్నచో పాము మ్రింగజూచి విడిచినదనవచ్చును. ఈకలు పెరడంతయు చెదరి, కోళ్లు నలిగి పడియున్నచో తరచుగా అది కుక్కల పని. ముంగిస పగటివేళ తిరుగును. పునుగుపిల్లి రాత్రి వచ్చును. కావున రాత్రి గొళ్లెమొక్కటే చాలదు. పిల్లలను మొదటి వారములలో గంప క్రిందనో జాలి ఆవరణములోనో ఉంచవలెను. పెరటిలో గుబురు పొదలున్నచో గద్ద నీడ కనబడగానే కోళ్లు వానిలో దూరును.

ఈ జంతువులను విషము పెట్టియో ఉచ్చులు పన్నియో చంపదగదు. ముంగిస, ఉడుము, పునుగుపిల్లి, నాగుపాము మొదలగునవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చేత రక్షింపబడుచున్నవి. అంతియేగాక, ఒకదానిని చంపినచో ఆ చోటికి మరియొకటి వచ్చును. గట్టి జాలి మాత్రము రెండింటిని ఆపును.

ఇక జాతుల సంగతి. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వనరాజా, గ్రామప్రియ అను రకములను రూపొందించినది. గ్రామప్రియ ముఖ్యముగా గ్రుడ్లకు, వనరాజా మాంసమునకు గ్రుడ్లకు రెండింటికి ఉపయోగించును. మన అసీల్ పెట్ట గ్రుడ్లు తక్కువ పెట్టును గాని, పొదుగుటలోను, పిల్లలను కాపాడుటలోను సాటి లేనిది. ఇతర కోళ్ల గ్రుడ్లను దాని క్రింద పెట్టినచో 21 దినములకు పిల్లలగును. తల్లి లేని పిల్లలకు మొదటి వారము సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనము కావలెను. పిదప వారమునకు మూడేసి డిగ్రీలు తగ్గింపవచ్చును. పిల్లలు దీపము క్రింద గుమిగూడినచో చలి అనియు, దూరముగా నోరు తెరచి నిలిచినచో వేడి అధికమనియు తెలియవలెను.

కంటికి కనబడని శత్రువు కొక్కెర తెగులు. అది సోకిన పిమ్మట మందు లేదు. మొదటి వారములో లసోటా చుక్కలు, సుమారు ఎనిమిదవ వారమున ఆర్-టు-బి టీకా వేయింపవలెను. ఈ విషయమున సమీప పశువైద్యశాలవారి సలహాను అనుసరింపవలెను. క్రొత్తగా కొన్న కోళ్లను రెండు వారములు వేరుగా ఉంచి, పిదపనే మందలో కలుపవలెను. గూటిలో పరచిన ఊక తడిసినచో వెంటనే మార్చవలెను.

మిగిలిన ఆ నాలుగు పెట్టలతోనే మేము మరల ఆరంభించితిమి. నాటినుండి సంధ్యవేళ కోళ్లను లెక్కించి గొళ్లెము వేయు పనిని ఇంటిలో ఒక్కరికే అప్పగించితిమి. "ఎవరో ఒకరు వేసియుందురులే" అనుకొను ఇంటిలో ఏదో ఒక రాత్రి ఎవరును వేయరు. ఆ రాత్రి కొరకే శత్రువు ప్రతిరాత్రి వచ్చి చూచుచుండును.