తెర వెనుక విజ్ఞానము

అర్ధవీడు ఉన్నత పాఠశాలలో చదువుచున్న బాలుడొకడు 'ఆదిత్య 369' చిత్రమును చూచినాడనుకొందము. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 1991లో వెలువడిన ఈ చిత్రములో కాలయంత్రమెక్కినవారు 1526వ సంవత్సరమునకు పోయి శ్రీకృష్ణదేవరాయల కొలువును చూతురు. పిమ్మట 2504వ సంవత్సరమున దిగుదురు. ఆ బాలునికి రాయల పేరు కొత్త కాదు. తన ఊరికి చేరువనున్న కంభము చెరువును రాయల దేవి వరదరాజమ్మ కట్టించినదని పెద్దలు చెప్పగా వినియున్నాడు. ఆ చెరువు కట్టుచున్న నాటికి పోయి చూచి రావచ్చునా? మరునాడు సైన్సు ఉపాధ్యాయుని అతడడుగు ప్రశ్న ఇదియే.

గతమునకు కొనిపోవు యంత్రమును నేటివరకు ఎవరును నిర్మింపలేదు. ఉపాధ్యాయుడు ఆ మాట చెప్పి ఊరకున్నచో పాఠము అక్కడనే ముగియును. "లేని యంత్రమును ఉన్నట్లు ఎట్లు చూపినారు?" అని ఎదురు ప్రశ్న వేసినచో అసలు పాఠము మొదలగును. కథలోని విజ్ఞానము కల్పన కావచ్చును. దానిని తెరపై నిలిపిన విజ్ఞానము మాత్రము కల్పన కాదు.

ఈ రెండవ విజ్ఞానమును మనకు చూపునవి చిత్రనిర్మాణమును గూర్చిన డాక్యుమెంటరీలు. ఫ్రాన్సు దేశీయుడు జార్జి మెలియే 1902లో తీసిన చంద్రయాత్ర చిత్రమును గూర్చి, రంగులద్దిన దాని ప్రతిని బాగుచేసిన విధమును గూర్చి 2011లో ఒక డాక్యుమెంటరీ వెలువడినది. స్టాన్లీ కూబ్రిక్ 1968లో అందించిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'ని గూర్చి 2001లో మరియొకటి వచ్చినది. 1977లో 'స్టార్ వార్స్' విడుదలైన యేడే దాని నిర్మాణకథను టెలివిజనులో చూపిరి. ఇట్టి చిత్రములను శ్రద్ధతో చూచినచో తరగతికి పనికివచ్చు పాఠములు పెక్కు దొరకును.

మొదటిది మెలియే ఉపాయము. ఆయన చిత్రములో చంద్రలోకవాసిని గొడుగుతో కొట్టగానే అతడు పొగయై మాయమగును. నటుడు నిలిచియుండగా కెమేరాను ఆపుదురు. అతనిని తప్పించి, పొగ రేపి, మరల త్రిప్పుదురు. నడుమ గడచిన కాలము ఫిల్మునకు ఎక్కదు గనుక చూచువారికి అది రెప్పపాటులో జరిగినట్లు తోచును.

రెండవది సాపేక్ష చలనము. కూబ్రిక్ చిత్రములో వ్యోమగామి ఒక చక్రము లోపలి అంచు వెంట గోడ మీదుగా, కప్పు మీదుగా పరుగెత్తి వచ్చును. దానికై 38 అడుగుల వ్యాసము గల చక్రమునే ఇంగ్లండులోని స్టూడియోలో నిర్మించిరి. చక్రము మెల్లగా తిరుగుచుండ నటుడు ఎల్లప్పుడును అడుగుననే పరుగెత్తెను. కెమేరాను చక్రమునకే బిగించినప్పుడు అదియు చక్రముతో తిరుగును. అందుచే కెమేరాకు చక్రము నిలిచియున్నట్లును, నటుడు పైకెక్కుచున్నట్లును కనబడును. కదలుచున్న రైలులోనివానికి చెట్లు వెనుకకు పోవునట్లు తోచుటయు ఈ సూత్రము వలననే.

మూడవ పాఠమునకు దూరదేశము పోనక్కరలేదు. కె. వి. రెడ్డి దర్శకత్వమున 1957లో వచ్చిన 'మాయాబజార్' పురాణకథయే గాని వైజ్ఞానిక కల్పన కాదు. ఐనను ఉపాయములు రెంటికిని ఒకటే. అందలి ద్వారక నగరము సుమారు 300 చిన్న ఇండ్లతో అమర్చిన నమూనా. మార్కస్ బార్ట్‌లే కెమేరా దానిని మహానగరముగా చూపినది. నమూనా కదలక నిలిచియున్నంతవరకు దీపము, కటకము సరిపోవును. అందులో ఏదైన కూలవలసివచ్చినచో చిక్కు కలుగును. గురుత్వ త్వరణమును 10 అనుకొన్నచో, 20 మీటర్ల ఎత్తునుండి పడు రాయి నేలను చేరుటకు 2 సెకన్లు పట్టును. దానిలో పదునారవ వంతు, అనగా 1.25 మీటర్ల ఎత్తునుండి పడు రాయికి అర సెకను చాలును. ఎత్తు 16 రెట్లు తగ్గగా కాలము 4 రెట్లే తగ్గినది. కాబట్టి పదునారవ వంతు నమూనాను సెకనుకు 24 బొమ్మలకు బదులు 96 బొమ్మల చొప్పున తీసి, మామూలు వేగముతో చూపవలెను. అప్పుడే చిన్న గోడ పెద్ద కోటవలె కూలును.

'మాయాబజార్'కు సహాయ దర్శకుడుగా పనిచేసిన యువకుడే తరువాత 'ఆదిత్య 369'ను తీసిన సింగీతం శ్రీనివాసరావు. ఆ చిత్రములో కృష్ణకుమార్‌గాను, రాయలుగాను కనబడు నటుడు బాలకృష్ణ ఒక్కడే. ఫిల్ము కాలములో ఒకే నటుని ఇరువురుగా చూపుటకు వాడుకలోనున్న పద్ధతి సులభమైనదే. కటకము ముందు సగము భాగమును నల్లని అట్టతో మూసి ఒక వేషమును తీయుదురు. ఫిల్మును వెనుకకు త్రిప్పి, రెండవ సగమును మూసి రెండవ వేషమును తీయుదురు. ఈ రెంటి నడుమ కెమేరా వెండ్రుకవాసియు కదలరాదు.

ఇట్టి పనితనము చాలవరకు గురువు చేతినుండి శిష్యుని చేతికి అందినది. పనివారు పోయినచో అదియు వారితో పోవును. తెలుగు చిత్రముల తెర వెనుక కథను పనివారి నోటనే చెప్పించి పదిలపరచుట అందువలన అవసరము.

ఐతే డాక్యుమెంటరీయు కత్తిరించి కూర్చిన చిత్రమే. అందు చెప్పినదానిని చేసి చూచి నమ్మవలెను. నేటి సెల్‌ఫోనులు పెక్కింటిలో మందగతి చిత్రణ కలదు. తరగతి గదిలో 1.25 మీటర్ల ఎత్తునుండి చిన్న రాయిని వదలి, చిత్రించి, నాలుగవ వంతు వేగముతో చూడుడు. అది నేలను చేరుటకు 2 సెకన్లు పట్టును. ఇప్పుడు కల్పించిన బొమ్మలు ప్రతి చేతిలోని ఫోనునకు వచ్చి నిజమువలె చెల్లుచున్నవి. ఒక్క బొమ్మనైనను తన చేతితో కల్పించి చూచిన బాలుడు, తరువాత వచ్చిన ప్రతి బొమ్మను నమ్ముటకు ముందు "దీనిని ఎట్లు తీసినారు?" అని అడుగును.